గోడ మీది బొమ్మ

1983 జూలై, గురువారం

బసప్ప దుకాణం ముందు ఈరోజు కూడా నలుగురు మెకానిక్‌లు ఉన్నారు. ఒకాయన బీదర్ నుంచి వచ్చాడట. బసప్పకు రేడియో పని నేర్పింది నేను. నా సర్క్యూట్ బొమ్మలు పదేళ్లు కష్టపడి గీసుకున్నవి, పెట్టెలో పెట్టి తాళం వేసుకుంటాను. వాడేమో ప్రతి బొమ్మనూ గోడకు అంటిస్తాడు, ఎవరైనా రాసుకోవచ్చంటాడు.

సోల్డరింగ్ తీగ కావాలనే సాకుతో మధ్యాహ్నం వెళ్లాను.

"రా అన్నా, కూసో. ఈ కొత్త సెట్టు బొమ్మ నేను సగమే గీసిన. తక్కింది బీదర్ ఆయన గీసిండు" అన్నాడు.

"గిట్ల అందరికీ చూపిస్తే రేపు నీ దగ్గరికి ఎవరొస్తరు?"

"నువ్వు వచ్చినవ్ గదా అన్నా."

నా ఒళ్లు మండింది. వాడికి నాకున్నంత పనితనం లేదు. అయినా ఇన్నాళ్లూ నా దగ్గరికే వచ్చిన రాయికోడ్ ఊరివాళ్లు సైతం నా దుకాణం దాటి వాడి దగ్గరికే పోతున్నారు.

ఆ బొమ్మలో ఒక కెపాసిటర్‌ను తిరగేసి గీశారు. అలాగే బిగిస్తే అది పేలి సెట్టు పాడవుతుంది. చూశాను, చెప్పలేదు. తీగ కొనుక్కుని వచ్చేశాను.

రాత్రి అన్నం సహించలేదు. ఎవరి సెట్టు పాడవుతుందోనన్న భయం లేకపోలేదు. కానీ అసలు భయం అది కాదు. పొద్దున నేను వెళ్లి చెప్పేలోగా ఎవరో ఒకరు పెన్సిల్ తీసుకుని ఆ తప్పు దిద్దేస్తారు. అందరూ ఆ దిద్దినాయన్నే మెచ్చుకుంటారు, నన్ను కాదు...