చుక్కాని సీటు కింద

నాన్నా,

ఎలా ఉన్నావు? తమ్ముడి ఇంట్లో తలుపులన్నీ విప్పి మళ్ళీ బిగించావటగా, మరదలు చెప్పి ఒకటే నవ్వు. చేతులు వణుకుతున్నా ఊరుకోమంటే ఊరుకునే ప్రాణమా నీది!

ఫోనులో నోరు పెగలని మాట, అందుకే ఉత్తరం. మన లాంచి లీజు పూర్తయింది. ఏడేళ్ళ గడువు తీరి, కొనుగోలు మొత్తం కూడా కట్టేసి, "ఇక మాకు దీనితో సంబంధం లేదు" అని కంపెనీ వాళ్ళ చేత కాగితం రాయించుకున్నాను. రేవు కార్యాలయంలో యాజమాన్యం మార్పించుకోవడమే మిగిలింది. ఫారంలో కొత్త యజమాని పేరు రాసే గడి ఖాళీగా ఉంచాను. అందులో నీ పేరు రాద్దామని.

నువ్వు నీ చేతులతో కట్టిన పడవ ఇది. వర్క్‌షాపు మూతపడి నువ్వు కంపెనీకి అమ్మేస్తే, నెల తిరక్కుండా నేను వెళ్ళి లీజుకు తీసుకున్నాను. సంతోషిస్తావనుకున్నాను. నువ్వేమో పెట్టె సర్దుకుని తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయావు. ఏడేళ్ళలో నాలుగుసార్లు వచ్చావు. నాలుగుసార్లూ వంతెన మీదుగా బస్సులో చుట్టూ తిరిగి వచ్చావే గానీ నా లాంచి ఎక్కలేదు. "మీ నాన్నకి నీళ్ళంటే భయమా ఏంటమ్మా?" అని టిక్కెట్లు ఇచ్చే మామయ్య అడిగితే నవ్వేశాను. ఆ పూట అన్నం సయించలేదు. ఆడపిల్ల చుక్కాని పట్టడం నీకు ఇష్టం లేదు, అంతేగా? ఆ మాట అనేసి ఉంటే బాగుండేది. దెబ్బలాడి ఊరుకునేదాన్ని.

అందుకే నిర్ణయించుకున్నాను. లాంచి నీ పేరున పెట్టుకుని, నడపడానికి మంచి సరంగును చూసుకో. నాకు రేవు కార్యాలయంలో ఉద్యోగం ఇస్తామంటున్నారు. నీ పడవైతేనైనా ఎక్కుతావుగా.

ఒక్కటే చిక్కు. తనిఖీ అధికారి వచ్చి, కంపెనీ కాగితంలో ఉన్న లాంచి నంబరు పడవ మీద ఎక్కడా లేదన్నాడు. అన్ని లాంచీలకూ ముందు దూలం మీద చెక్కి ఉంటుంది, మనదానికి అక్కడ ఏమీ లేదు. ఇంజను గది దాకా వెతికాం. నెలాఖరులోగా చూపించకపోతే ఫారం చెల్లదు, కథ మళ్ళీ మొదటికొస్తుంది. ఎక్కడుందో నీకే తెలియాలి.

నీ బుల్లి

*

బుల్లీ,

అక్షరాలు వంకరగా ఉన్నాయని విసుక్కోకు. కోడలు రాసిపెడతానంది, నేనే వద్దన్నాను.

నంబరు చుక్కాని సీటు కింద ఉంది. తప్పు నాదే. కంపెనీ వాళ్ళు ముందు దూలం మీద చెక్కబోతే అడ్డం పడ్డాను. నెలంతా తిరిగి ఏరి తెచ్చిన కర్ర అది. దాని మీద పరాయివాళ్ళ నంబరు చూడలేక, సీటు పలక విప్పి కిందున్న అడ్డదూలం చూపించాను. పని అయితే చాలని వాళ్ళూ సరేనన్నారు. చెక్కాక పలక బిగించేశాను. నా మొండితనం ఒకనాడు నీ నెత్తిన పడుతుందని అప్పుడు తోచలేదు.

నీ లాంచి ఎందుకు ఎక్కలేదో రాద్దామని రెండుసార్లు మొదలుపెట్టి చించేశాను. ఆ పలక విప్పు. మేకులు కావు, మరలు. సుత్తి పట్టుకుని మీద పడకు. విప్పాక అడుగువైపు తిప్పి చూడు. ఆ తర్వాతే ఫారంలో పేరు రాయి.

మీ నాన్న

*

నాన్నా,

మరలు నాలుగూ తుప్పుపట్టి కదలనన్నాయి. కిరోసిన్ పోసి గంటసేపు కాపలా కూర్చుంటే అప్పుడు కరుణించాయి. నంబరు ఉంది. అధికారి వంగి చూసి, "ఇదెక్కడి విడ్డూరమమ్మా, సీటు కింద దాచారు!" అన్నాడు. "మా నాన్న సంగతి మీకు తెలీదులెండి" అన్నాను.

తర్వాత పలక తిప్పాను. పెన్సిలుతో గీతలు, కొలతలు, వాటి పక్కన నీ రాత. "బుల్లికి. కాళ్ళు కిందికి ఆనాలి. రెండంగుళాలు దించాలి." కింద తేదీ. నువ్వు అమ్మడానికి రెండేళ్ళ ముందుది, పడవ ఇంకా షెడ్డులో ఉన్నప్పటిది.

ఆరడుగుల మనిషివి నువ్వు. నువ్వు కట్టిన పడవలో సీటు నాకెలా అతికినట్టు సరిపోయిందో ఏడేళ్ళలో ఒక్కరోజు కూడా ఆలోచించలేదు, చూడు నా తెలివి! నాకోసం కట్టి, ఆ మాట నాకు చెప్పకముందే అమ్ముకోవాల్సి వచ్చిందా? ఆ పడవలో నాకు ముఖం చూపించలేకేనా బస్సుల్లో తిరిగావు? నీకు సిగ్గు, నాకు అలక. ఇద్దరం చెరో ఒడ్డున కూర్చున్నాం. అధికారి ముందే ఏడ్చేశాను. పాపం ఆయన కంగారుపడి, నంబరు సరిపోయిందని మూడుసార్లు చెప్పాడు.

ఫారంలో నా పేరే రాశాను. ఉద్యోగం వద్దని చెప్పేశాను.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి అవతలి రేవుకు రా. మళ్ళీ బస్సెక్కి వంతెన చుట్టూ తిరిగావంటే నీతో మాట్లాడను. టిక్కెట్టు మాత్రం కొనాలి, మా లాంచిలో యజమానికి తప్ప ఎవరికీ ఉచితం లేదు. పలక ఇంకా బిగించలేదు. మరలు నాలుగూ నా జేబులో ఉన్నాయి. నీ చేతులు వణికితే పక్కనుండి నేను పట్టుకుంటాను గానీ, బిగించాల్సింది నువ్వే. అంతదాకా నిలబడే నడుపుతాను.

నీ బుల్లి