దివిటీపురం గుమ్మంలో అడిగిన ప్రశ్న

మూసాపేట,
ఆదివారం, 20 డిసెంబరు 1998.

అమ్మకు,

రామబ్రహ్మం నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. ఈ మాట లేకపోతే నువ్వు రెండో వాక్యానికి రావని తెలుసు, అందుకే ముందే రాసేశాను. అక్కడ నువ్వూ, నాన్నా, చెల్లి జయంతీ, మన మెస్సులో తినే కాలేజీ పిల్లలూ అంతా బాగున్నారని తలుస్తాను.

నీ ఉత్తరం వచ్చి పన్నెండు రోజులైంది. రోజూ జవాబు రాయాలని కూర్చోవడం, రెండు ముక్కలు రాసి చింపడం. అడిగినవాటికి వరసగా చెబుతాను. జ్వరం తగ్గింది. నువ్వు పంపిన కందిపొడి అయిపోయింది, గోంగూర సగం ఉంది. ఇంటి ఓనరమ్మ ఈశ్వరమ్మగారు నన్ను మెట్ల మీద చూసినప్పుడల్లా "ఏంది బ్రహ్మం, గిట్ల ఎండిపోతున్నవ్, తింటున్నవా లేదా?" అంటుంది. తింటున్నాను. నీ చేతి వంట కాదు కాబట్టి ఒంటికి పట్టడం లేదు, అంతే.

కొత్త ఆఫీసు ఎలా ఉందని అడిగావు. హైటెక్ సిటీ అంటే నువ్వు అనుకున్నట్టు పెద్ద ఊరేం కాదు. గుండ్రంగా ఒక అద్దాల మేడ, దాని చుట్టూ బండరాళ్ళు, తుమ్మచెట్లు. బస్సు దిగి దుమ్ములో నడిచి లోపలికి వెళితే స్వెటర్ వేసుకోవాల్సినంత చలి. మనుషుల కోసం కాదట, కంప్యూటర్ల కోసం. నాలుగో అంతస్తు నుంచి చూస్తే గోపన్‌పల్లి వైపు చేలల్లో మేకలు కనిపిస్తాయి. మా మేనేజరు చలపతిరావుగారు ఆ కిటికీ దగ్గర నిలబడి, ఇదంతా అయిదేళ్ళలో అద్దాలే అవుతుందని వచ్చినవాళ్ళందరికీ చెబుతుంటారు.

ఇక ఆట సంగతి. "నన్ను కూడా అందులో పెట్టావట కదా, నేనక్కడ ఏం చేస్తున్నాను?" అని అడిగావు. నవ్వొచ్చింది, తరువాత ఏడుపొచ్చింది. నీకు ఇంకోసారి చెబుతాను. ఇది కంప్యూటర్లో ఆడే ఆట, కానీ ఇందులో బొమ్మలుండవు. అన్నీ అక్షరాలే. ఒక ఊరు ఉంది, దివిటీపురం. ఆఫీసు పని అయ్యాక రెండేళ్ళపాటు కూర్చుని నేనే కట్టాను. "తూర్పుకి నడువు" అని టైపు చేస్తే తూర్పున ఏముందో తెర మీద చదువుకుంటావు. బావి, సంత, పాత కోట, కోటలో దొంగలు. తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటాం. ఎక్కడెక్కడి మనుషులో ఒకే వీధిలో కలుస్తారు. ఒకడు కమ్మరి, ఒకడు వేగులవాడు, ఇంకొకడు రాజుగారి వంటవాడు. ఎవరి ముఖం ఎవరికీ తెలియదు.

ఊరు కట్టడం తేలికే అమ్మా. జనాన్ని తేవడమే కష్టం. తెచ్చినవాళ్ళను నిలబెట్టడం ఇంకా కష్టం. యూనివర్సిటీ హాస్టళ్ళలో కాగితాలు అంటించాను. మూసాపేట నెట్ సెంటర్లలో బతిమాలాను. అయిదు నెలల్లో మూడువందల నలభైమంది గుమ్మం దాకా వచ్చారు. నిలిచింది ముప్ఫై ఒక్కరు. కిందటి ఉత్తరంలో నువ్వు రాశావు చూడు, "వచ్చినవాడికి తినిపించడం గొప్ప కాదురా, మళ్ళీ వచ్చేలా తినిపించాలి" అని, ఆ కాగితం చింపి నా బల్ల మీద అంటించుకున్నాను.

ఈ ఊరంతా మా కంపెనీలో ఒక పాత కంప్యూటర్ మిషను మీద నడుస్తోంది. దాన్ని కొత్త ఆఫీసుకి తేవడమే చలపతిరావుగారికి ఇష్టం లేదు. "బ్రహ్మం, నీ ముచ్చట నేను కాదనను. డిసెంబరు ఇరవై ఆరు దాకా టైమిస్తున్నాను. రోజుకి నలభైమంది వస్తున్నారని చూపించు, మిషను ఉంటుంది. లేదంటే ఆ శనివారం మధ్యాహ్నం ఆపేద్దాం," అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. నవంబరు మొదట్లో కొత్తవాళ్ళతో కలిపి మేము రోజుకి ముప్ఫై ఆరుకి చేరాం కూడా. నిన్న వచ్చింది తొమ్మిదిమంది.

ముప్ఫై ఆరుకి చేర్చింది నేను కాదు, యాదమ్మ. ఆమె గురించి కిందటి ఉత్తరంలో రాశాను. ఆటలో ఆమె ముసలమ్మ, గుమ్మం దాటగానే వచ్చే చావడిలో ఉంటుంది. బయట మాత్రం నా వయసు మనిషే. బాలానగర్‌లో ఒక మిషన్ల కంపెనీలో టైపు పని చేస్తుంది. మధ్యాహ్నం ఒంటిగంటకి అందరూ అన్నానికి వెళితే ఆ కంప్యూటర్ మీద దివిటీపురం వస్తుంది. కొత్తవాడు అయోమయంగా చావడిలోకి అడుగుపెట్టగానే, "బిడ్డా, నా మేక తప్పిపోయింది, జర ఎతికి పెడ్తవా?" అని అడిగేది. వాడికి నడవడం రాదు, మాట్లాడటం రాదు, అయినా మేక కోసం బావి దాకా, సంత దాకా తిరిగేవాడు. తిరగడంలోనే అన్నీ నేర్చుకునేవాడు. మేకను తెచ్చి ఇస్తే దీవించేది. మర్నాడు వాడు మేక ఎలా ఉందో కనుక్కోవడానికి వచ్చేవాడు. నేను రెండేళ్ళు రాసిన కోట కోసం ఎవడూ రెండోసారి రాలేదు, ఆ మేక కోసం వచ్చారు.

ఇంక నువ్వు. నిన్ను గుమ్మంలోనే పెట్టానమ్మా. పుణ్యవతమ్మ అనే పేరుతోనే. మనిషివి కాదు, నేను రాసి పెట్టిన మాటలు పలికే పాత్రవి. ఊళ్ళోకి వచ్చే ప్రతివాణ్ణి నువ్వు మన మెస్సు గుమ్మంలో అడిగినట్టే అడుగుతావు: "రండి రండి. ఏ ఊరు? ఇంటిపేరేమిటి? ఎవరి తాలూకు?" జవాబు చెబితేనే తలుపు తెరుచుకుంటుంది. ఇంతకన్నా తెలుగు మర్యాద ఇంకేముంటుంది అనుకున్నాను. ఆ మూడు ప్రశ్నలు రాసిన రోజు నీ గొంతు వినపడినట్టయి ఎంత మురిసిపోయానో.

యాదమ్మ మొదటిసారి వచ్చినప్పుడు ఆ ప్రశ్నలకి ఏమని రాసిందో తెలుసా? ఏ ఊరు అంటే "ఏదో ఒకటి." ఇంటిపేరు అంటే "ఇల్లే కిరాయిది." ఎవరి తాలూకు అంటే "నా తాలూకు నేనే." ఎంత చమత్కారం అని పడి పడి నవ్వి, ఆఫీసులో అందరికీ చదివి వినిపించాను. చమత్కారం అనే అనుకున్నానమ్మా.

ఇప్పుడు నీ ఉత్తరంలో చివరి ప్రశ్నకి వస్తున్నాను. ఇన్ని పేజీలూ దీన్ని దాటేయడానికే రాశాను. "ఆ యాదమ్మ గురించి ఉత్తరం నిండా రాశావు. అసలు పేరేమిటి, ఏ ఊరు, ఎవరి తాలూకు? అన్నీ కుదిరితే నాన్నతో మాట్లాడతాను," అని రాశావు. అది చదివి రెండు రోజులు నాకు నేల మీద కాళ్ళు ఆనలేదు. ఆమె ముఖం కూడా చూడని మాట నిజమే. అయినా ఒంటిగంట ఎప్పుడవుతుందా అని గడియారం చూసేవాణ్ణి. అన్నం మానేసి కూర్చునేవాణ్ణి. ఎండిపోయింది అందుకే.

పదకొండో తారీఖు, శుక్రవారం. చావడిలో మేమిద్దరమే ఉన్నాం. అడిగేశాను. "యాదమ్మా, అసలు పేరేమిటి, ఏ ఊరు, ఎవరి తాలూకు?" నీ మాటల్లోనే అడిగాను, ఒక్క అక్షరం మార్చకుండా.

"ఇగ మీరు గుడ అడిగిన్రా సారూ," అని వచ్చింది తెర మీద. కింది వరసలో, "సరే, మీరడిగిన్రు గద, చెప్త," అంది. చెప్పింది. పేరు, ఊరు, ఆ ఊళ్ళో వాళ్ళ ఇళ్ళు ఏ వైపు ఉంటాయో, అన్నీ సూటిగా రాసింది.

నా వేళ్ళు కదల్లేదు. రెండు నిమిషాలు. మెస్సులో రెండు నిమిషాలు అంటే ఏమీ కాదు, సాంబారు వడ్డించేంతసేపు. అక్షరాలు తప్ప ఇంకేమీ లేని చోట అది చాలా ఎక్కువ. అంతసేపూ నేను ఆమెను తక్కువగా ఏమీ అనుకోలేదు, ఒట్టు. నిన్ను తలచుకున్నాను. ఈ జవాబు నీకు ఎలా రాయాలా అని ఆలోచించాను. అంతే అనుకున్నాను అప్పుడు. ఆ అంతేలోనే అన్నీ ఉన్నాయని తరువాత తెలిసింది.

"ఏమైంది సారూ? లైన్ కట్టయిందా?" అని అడిగింది.

"అవును, లైను పోయింది," అని రాశాను.

దివిటీపురంలో ఎవరి లైనైనా తెగితే, ఆ మనిషి అక్కడే కునుకు తీస్తున్నట్టు చావడిలో అందరికీ కనిపిస్తుంది. ఆ ఏర్పాటు చేసింది నేనే. ఎంత బాగుందో చూడు అని యాదమ్మకి చూపించి మెచ్చుకోలు పుచ్చుకుందీ నేనే. ఆ రెండు నిమిషాలూ నేను కునుకు తీయలేదు, మెలకువగా ఆమె ఎదుటే కూర్చుని ఉన్నానని ఆమె తెర మీద ఉంది. చూస్తూనే నాకు ఆ సాకు అందించింది. నేను సిగ్గులేకుండా అందుకున్నాను.

"గట్లనా. ఫికర్ చెయ్యకుండ్రి సారూ, లైన్లు గిట్లనే పోతుంటయ్. కొత్తోళ్ళొస్తే జర చూసుకోండ్రి," అని రాసి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

మర్నాటి నుంచి కొత్తవాళ్ళకి మేక గురించి చెప్పేవాళ్ళు లేరు. యాదమ్మ లేదని పాతవాళ్ళూ ఒక్కొక్కరే తగ్గారు. నేనే ముసలమ్మ వేషం కట్టి మేక తప్పిపోయిందని అడిగి చూశాను. ఒకడు "అయితే నాకేంటి" అని రాసి పోయాడు. ఆమె అడిగితే ఎందుకు వెతికేవారో నాకు తెలియదు. బహుశా ఆమె నువ్వెవరివని ఎవరినీ అడగదు కాబట్టేమో.

అప్పుడు చేయాల్సిన పని చేశాను. ఎవరు ఎక్కడి దాకా వచ్చి వెనక్కి పోయారో మిషను రాసి పెట్టుకుంటుంది. అయిదు నెలల్లో ఒక్కసారీ దాన్ని తెరవలేదు. లైన్లు బాగాలేవు, ఇంగ్లీషు అక్షరాలు చదవలేకపోతున్నారు, జనానికి బొమ్మలు కావాలి అని అందరినీ తిట్టుకున్నాను. తెరిస్తే ఏముంది, మూడువందల నలభైమందిలో నూటతొంభైమంది గుమ్మంలోనే వెనుదిరిగారు. బావి చూడలేదు, కోట చూడలేదు. ఇంటిపేరేమిటి అన్న దగ్గర కొందరు, ఎవరి తాలూకు అన్న దగ్గర కొందరు. కొందరైతే జవాబు సగం టైపు చేసి, చెరిపేసి, పోయారు. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అని నువ్వే అంటావు కదమ్మా. ముఖం కనపడని ఊరు కదా, ఇక్కడైనా ఎవరూ ఆ మాట అడగరని ఎంత ఆశతో వచ్చి ఉంటారో. గుమ్మంలో మనం కూర్చుని ఉన్నాం.

ఆ రాత్రి పుల్లయ్య గుర్తొచ్చాడు. నీకు గుర్తుండకపోవచ్చు. నాకప్పుడు పదేళ్ళు. మన బోరు పంపు బాగుచేయడానికి చీరాల నుంచి వచ్చాడు. పని అయ్యాక అన్నం తిని వెళ్ళమన్నావు. "ఏ ఊరు బాబూ, ఎవరి తాలూకు?" అని అడిగావు. చెప్పాడు. నీ ముఖమేమీ మారలేదు. జయంతితో "ఆకు వరండాలో వెయ్యమ్మా" అన్నావు. లోపల బల్లలు ఖాళీగా ఉన్నాయి. నెయ్యి వేశావు, పెరుగు రెండుసార్లు వేశావు. ఆయన తిని, ఆకు తనే తీసి పారేసి వెళ్ళాడు. తరువాత ఎన్నిసార్లు కబురు చేసినా రాలేదు. "అంత బాగా పెట్టాం, ఎందుకు రాడో," అని నువ్వు నిజంగానే ఆశ్చర్యపోయావు. నేనూ ఆశ్చర్యపోయాను. మొన్నటి దాకా ఆశ్చర్యపోతూనే ఉన్నాను.

నిన్ను తప్పుపట్టడం లేదు. నువ్వు ఆకు వరండాలో వేశావు. నేను లోపల వెయ్యాలా, బయట వెయ్యాలా అన్నట్టు రెండు నిమిషాలు ఆకు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఏది ఎక్కువ తప్పో నాకు తేలడం లేదు.

బుధవారం ఆ మూడు ప్రశ్నలూ తీసేశాను. ఇప్పుడు గుమ్మంలో నువ్వు "రండి, కూర్చోండి, మంచినీళ్ళు తాగండి" అని మాత్రమే అంటావు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. మొన్న ముగ్గురు వచ్చారు, మంచినీళ్ళు తాగి లోపలికి వెళ్ళారు. లోపల ఎవరూ లేరు. కాసేపు తిరిగి వెళ్ళిపోయారు.

శనివారంలోగా నలభైమంది రారు. చలపతిరావుగారిని ఇంకో నెల అడగమంటారు స్నేహితులు. నేను అడగను. ఆ రోజు ఒంటిగంటకి చావడిలో కూర్చుంటాను, మిషను ఆపేదాకా. ఆమె రాదని తెలుసు. వస్తే మాత్రం లైను పోలేదని చెప్పాలి. అంతకన్నా చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. బాలానగర్ వెళ్ళి వెతకొచ్చు కదా అని నువ్వనుకుంటావు. ఆమె చెప్పిన పేరు, ఊరు పట్టుకుని వాకబు చేస్తూ తిరగడం మళ్ళీ అదే ప్రశ్న అడగడం కాదా?

నువ్వడిగినదానికి జవాబు నాకు తెలుసమ్మా. పేరూ, ఊరూ, ఎవరి తాలూకో కూడా. రాయను. ఈ ఒక్కటీ నీకు రాయను, నన్ను మళ్ళీ అడగకు. ఇంకెవరి సంబంధమూ చూడకు.

నీకు ఒక్క పని చెబుతాను, చేస్తావో లేదో నాకు తెలియదు. ఈసారి గుమ్మంలోకి ఎవరైనా కొత్త మనిషి వస్తే ఏమీ అడక్కుండా లోపల ఆకు వెయ్యి. వేశానని నాకు ఉత్తరంలో రాయకు. వచ్చినప్పుడు చూస్తాను.

ఇట్లు,
ఆ గుమ్మంలో నిన్ను కూర్చోబెట్టిన నీ కొడుకు,
రామబ్రహ్మం.