మురుగు తొట్టెకి కాపలా

బావా,

నువ్వు ఇప్పించిన మురుగునీటి శుద్ధి ప్లాంటు ఉద్యోగం పోలేదు. వాసన పోతుందని తొట్టెలో రెండు బస్తాల బ్లీచింగ్ పౌడర్ కుమ్మరించాను. మురికిని తినే ఏకకణ జీవులన్నీ చచ్చాయి. బడి వదిలినట్టే ఇదీ వదిలేద్దామని సంచి సర్దాను. ల్యాబ్ అక్క పైవాళ్ళతో మాట్లాడి వచ్చి, "ఎక్కడికి వీరుడా? పక్క ప్లాంటు నుంచి ఆ జీవులున్న బురద తెచ్చి తొట్టెలో పోద్దాం. అవి మళ్ళీ పెరిగేదాకా కాపలా నువ్వే" అంది.

పదకొండు రోజులు మైక్రోస్కోపుకి అతుక్కుపోయాను. ఈరోజు ఒకటి కనిపించింది. ఒళ్ళంతా ఒకటే కణం, చుట్టూ వెంట్రుకలు, పొట్టలో మింగిన మురికి చుక్కలు. నాలాగే ఒకచోట నిలవదు.

"తింటోందక్కా" అన్నాను.

"అయితే నువ్వూ తిని రా, పొద్దుట్నుంచి ఏం తినలేదు" అంది.

నీ మేలు మర్చిపోను బావా. ఇది పోయిందనుకుని నాకోసం నువ్వు అడిగిన డ్రైవరు పని ఇంకెవరికైనా ఇప్పించు.

నీ బామ్మర్ది