మీరడిగిన చెప్పులు

నర్సీపట్నం

ఏమండోయ్,

పక్కింటి నూకరాజుకీ మీలాగే చేతుల వణుకు ముదిరింది. తలలో తీగ వేసి, ఛాతీలో బ్యాటరీ పెడతామన్నారట డాక్టర్లు. ఇవాళ అతని భార్య వచ్చి, "ఆపరేషన్ సేయించమంటారా, మామ్మగారూ?" అని అడిగింది.

"చేయించు. మా ఆయన చేయించుకున్నాక పదేళ్ళు కాఫీ ఒలకకుండా తాగారు. మాట మాత్రం పోనుపోనూ ముద్దయిపోయింది" అన్నాను.

"ఇంకా సెప్పండి" అంది.

ఆ "సెప్పండి" చెవిన పడగానే మీ ముద్దమాట గుర్తొచ్చింది.

చివరి నెలల్లో మీరు "సెప్పు, సెప్పు" అనేవారు. "అడుగు పడదు గానీ, ఎక్కడికండీ ఊరేగింపు?" అంటూ మీ చెప్పులు తెచ్చి పడేసేదాన్ని. మీరు వాటిలో కాళ్ళు పెట్టుకుని, నా మొహంలోకి చూస్తూ కూర్చునేవారు.

మీరడిగింది కబుర్లండీ. బదులివ్వలేక బాధపడతారని, అప్పటికే నేను మీతో కబుర్లు మానేశాను.