వండేటప్పుడే నిండిన కడుపు

థియెస్

బంగారంలాంటి మా అమ్మకు,

సలాం. సెయింట్‌లూయీలో సముద్రం ఎలా ఉంది, నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి, మేకలు ఈనాయా అని వరసగా అడగాలి. అన్నీ అడిగాననుకో. గుండెలో ఉన్నది ముందు కక్కెయ్యకపోతే ఈ కాగితం సగంలోనే చింపేసేలా ఉన్నాను.

నీ పేరు పెట్టుకున్న పిల్ల తిండి తినడం లేదమ్మా.

చిన్న కొదూకి ఐదో ఏడు నడుస్తోంది. గౌను భుజాల మీద నిలవదు, జారిపోతుంది. ఆసుపత్రిలో నర్సమ్మ తూకం వేసి, కళ్ళూ నాలుకా చూసి, "జబ్బేం లేదు తల్లీ, కడుపునిండా పెట్టు" అంది. పెట్టకుండా ఉన్నానా! రోజూ మధ్యాహ్నం చేప అన్నం అందరికీ కలిపి ఒకే పెద్ద పళ్ళెంలో పోసి చాప మీద పెడతాను. మీ అల్లుడు బిరామ్ రైలు వర్క్‌షాపు నుంచి వస్తాడు, మగపిల్లలిద్దరూ బడి నుంచి వస్తారు, అత్తయ్య తన మూల తాను చూసుకుని కూర్చుంటుంది. నువ్వు నాకు నేర్పినట్టే కొదూకీ నేర్పాను. ఎడమచేత్తో పళ్ళెం అంచు పట్టుకోవాలి, తన ముందున్నదే తినాలి, పక్కవాళ్ళ వంక చూడకూడదు. మధ్యలో ఉన్న చేప నేను విరిచి అందరి ముందూ వేస్తాను. నీళ్ళకో మిరపకాయకో లేచి వచ్చేసరికి కొదూ ముందు చేప ఉండదు. తినేసిందనుకుని సంతోషిస్తాను. కానీ ఆ తిన్నదంతా ఎక్కడికి పోతోంది?

వేరే చిన్న గిన్నెలో పెట్టి చూశాను. గిన్నె పట్టుకెళ్ళి అన్నల దగ్గర పెట్టి వచ్చింది. బతిమాలాను, తిట్టాను, ఒకసారి చెయ్యి కూడా లేపాను. అది బిక్కమొహం వేసుకుని నా వంకే చూసింది.

అత్తయ్య సంగతి నీకు తెలుసు కదా. "చేతకాకపోతే చేతకాదని చెప్పు కోడలా, తప్పేం లేదు. జూర్బెల్‌లో మా చెల్లెలి చేతిలో పెరిగిన పిల్లలు చూడు, గున్నల్లా ఉన్నారు" అంది. బక్రీద్‌కి ఆ చిన్నత్తయ్య వస్తుందట, తిరిగి వెళ్ళేటప్పుడు కొదూని వెంట తీసుకెళ్ళి పెంచుకుంటుందట. బిరామ్ నేల చూపులు చూస్తూ, "అక్కడైనా నాలుగు ముద్దలు తింటుందేమోలే, మరేమ్" అన్నాడు. పిల్లకి అన్నం పెట్టడం రాని తల్లినని ఇంటిల్లిపాదీ తేల్చేశారు. నేనూ సరేనన్నాను. పిల్ల బతకడం ముఖ్యం కదా. ఆ రోజు నుంచీ నాకు ఏ పని మీదా చెయ్యి ఆడటం లేదు.

చిన్నప్పుడు నేనూ ఇలాగే ఏడిపించేదాన్నా? ఒక్క ముక్క రాయి.

నీ మరేమ్

*

థియెస్

అమ్మా,

నీ జవాబు రాకముందే మళ్ళీ రాస్తున్నాను. నాకు జ్వరం వచ్చింది. కంగారు పడకు, తగ్గిపోయింది. ఆ జ్వరం పుణ్యమా అని ఒక సంగతి కళ్ళారా చూశాను.

వంట అత్తయ్యే చేసింది. నేను గోడవారగా దుప్పటి కప్పుకుని పడుకున్నాను. పళ్ళెం పెట్టారు. చేప విరిచేవాళ్ళు లేరు. అప్పుడు మన కొదూ మోకాళ్ళ మీద ముందుకు జరిగి, చిట్టి వేళ్ళతో చేప విరిచి, ముల్లు తీసి, "నాన్నా, ఇది నీకు. అన్నా, నువ్వు తిను, మాటలాడకు. నానమ్మా, పొట్ట ముక్క మెత్తగా ఉంటుంది" అంటూ ఒక్కొక్కరి ముందూ పెట్టింది. ఆఖరికి తన ముందున్నది కూడా అత్తయ్య వైపు తోసేసింది.

"మరి నీకేదే?" అంది అత్తయ్య.

"నాకెందుకు? వండేటప్పుడే కడుపు నిండిపోయింది. మీరు తినండి, మీరు తింటే నేను తిన్నట్టే."

మగపిల్లలు పొర్లిపొర్లి నవ్వారు. బిరామ్ కూడా నవ్వాడు. అత్తయ్య నవ్వబోయి నా వంక చూసింది. నేను దుప్పటి మొహం మీదికి లాక్కున్నాను. అవి రోజూ నేననే మాటలమ్మా, పొల్లుపోకుండా. అందరూ లేచాక కుండ అడుగున అంటుకున్న మాడు అన్నం గీక్కుని తినే నన్ను చూసి, పెద్ద ఆడవాళ్ళు అలాగే ఉంటారు కాబోలు అనుకుంది పిచ్చిది.

ఆ మాటలు నాకెక్కడివి? నీ దగ్గరవే. నువ్వు అలా అంటుంటే పక్కన కూర్చుని వింటూ పెరిగాను. ఒక్కరోజైనా నువ్వు చేప ముక్క నోట్లో పెట్టుకోవడం నేను చూడలేదు. మా కోసం అన్నేళ్ళు కడుపు మాడ్చుకున్నావా అమ్మా? తలుచుకుంటే ఏడుపొస్తోంది. నీ మీద కోపం కూడా వస్తోంది, ఏమనుకోకు.

మర్నాడు అందరి ముందూ తిందామని ఒక పెద్ద ముక్క నా ముందు వేసుకున్నాను. ఎవరూ వద్దనకపోయినా, దొంగతనం చేస్తున్నట్టు అనిపించి మళ్ళీ పిల్లల ముందు పెట్టేశాను. కొదూ చూస్తూనే ఉంది. తనూ అదే చేసింది. బక్రీద్ దగ్గరికొచ్చేసింది.

మరేమ్

*

సెయింట్‌లూయీ

మరేమ్ తల్లికి,

నా రాత చూసి నవ్వకు. కలం కన్నా గరిటె తిప్పడమే నాకు బాగా వచ్చు.

నేను కడుపు మాడ్చుకున్నానని ఎవరు చెప్పారే నీకు? అల్లా మీద ఒట్టు, మీ నాన్న కన్నా ముందు నేనే తినేదాన్ని! వంటింటి తలుపు వెనక, కుండ దించగానే, పొట్ట ముక్క వేడివేడిగా నా నోట్లోకే పోయేది. వేళ్ళు కాలేవి. అయినా ఆగేదాన్ని కాదు. ఆ తర్వాత పళ్ళెం పట్టుకుని బయటికొచ్చి, "వండేటప్పుడే కడుపు నిండింది" అనేదాన్ని. అందులో అబద్ధం ఏముంది? నిజంగానే నిండేది.

నా పెళ్ళప్పుడు మా అమ్మ చెవిలో చెప్పింది, "నలుగురిలో కోడలు తింటే పది నోళ్ళు లేస్తాయి. పొయ్యి దగ్గర తిను, పళ్ళెం దగ్గర పంచు" అని. నీ పెళ్ళిలో నేనూ నీకు చెప్పాలి. డప్పుల గోలలో, చుట్టాల హడావుడిలో మరిచేపోయాను. పక్కనే ఉండి చూసింది కదా, తెలిసే ఉంటుందిలే అనుకున్నాను. నువ్వు చూసింది పళ్ళెం దగ్గరి నన్ను మాత్రమే. పెళ్ళయిన దగ్గర్నుంచీ నువ్వు నిజంగా పస్తులున్నావా? అయ్యో నా తల్లీ! నీ ఉత్తరం చదివి నవ్వాను, తర్వాత నవ్వినందుకు ఏడ్చాను.

అలాగని ఇప్పుడు తలుపు వెనక తినడం మొదలుపెట్టకు. పిల్లకి తలుపు వెనక్కి చూపు పోదు. నేను పండక్కి ముందే బయల్దేరి వస్తున్నాను. పెద్ద చేప తెస్తాను, మంచులో పెట్టించి. నీ పక్కన కూర్చుని అందరి ముందూ తింటాను. నా వయసులో నన్ననే ధైర్యం మీ అత్తగారికుంటే అననీ. నువ్వు నన్ను చూడు. పిల్ల నిన్ను చూస్తుంది.

మీ అమ్మ
పెద్ద కొదూ

*

థియెస్

అమ్మా,

క్షేమంగా చేరావా? నువ్వు వెళ్ళాక ఇల్లు బోసిపోయింది. వచ్చిన రోజు చేతినిండా చేప పట్టుకుని, గడ్డం మీద నూనె కారుతుంటే తుడుచుకోకుండా నువ్వు తింటుంటే నేను నోరు తెరుచుకుని చూశాను. నా తల్లి తినడం చూడటానికి ఇన్నేళ్ళు పట్టింది నాకు. అత్తయ్య ఊరుకుంటుందా! "వియ్యపురాలికి ఆకలి బాగానే ఉందే" అంది. నువ్వు "నీకూ ఉంది, సిగ్గుపడుతున్నావు" అన్నావు చూడు, ఆ మాట తలుచుకుని నిన్న కూడా ఆవిడ నవ్వింది. ఇప్పుడు విరిచిన మొదటి ముక్క తనే నా ముందు వేస్తోంది. "తిను కోడలా, పిల్ల చూస్తోంది" అంటుంది. నేను తింటున్నాను. మొదట్లో సిగ్గేసేది, ఇప్పుడు వెయ్యడం లేదు.

అయినా పిల్ల వారం పాటు చూస్తూనే కూర్చుంది. పండక్కి వచ్చిన చిన్నత్తయ్య మూట కట్టుకుని, కొదూ గౌన్లు కూడా మడిచి అందులో పెట్టుకుంది. బయల్దేరే రోజు మధ్యాహ్నం అందరం పళ్ళెం చుట్టూ కూర్చున్నాం. కొదూ చేప విరిచి ముందు నాకు పెట్టింది. నేను తినేశాను. నమిలి మింగేదాకా చూసింది. ఇంకో ముక్క విరిచింది. అన్నల వైపు పోతుందనుకున్నాం. నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

అది ఆ ముక్క తన నోట్లో పెట్టుకుంది. ఎడమచెయ్యి పళ్ళెం అంచు మీదే ఉంది, తల ఎత్తలేదు.

"ఇవాళ నాకు వండేటప్పుడు కడుపు నిండలేదు" అంది.

చిన్నత్తయ్య మూట విప్పి గౌన్లు తీసి నా ఒళ్ళో పెట్టింది.

నీ మరేమ్