ఎర్రదారం

ఎస్సైగారికి నమస్కరించి,

అడవిపందులను కొట్టే నాటుతుపాకిలో మందు ఎక్కువ దట్టించి, గొట్టం పేలి మా తమ్ముడు మునిచంద్ర చనిపోయాడని మొన్న మీకు రాసిచ్చాను. అందులో ఒక మాట దాచాను.

“మందు దట్టించినాక గొట్టానికి ఎర్రదారం కట్టాల. దారం లేకుంటే తుపాకి ఖాళీగా ఉండాదని అర్థం” అని మా నాయన ఇద్దరికీ నేర్పాడు. ఆరోజు ముందు దట్టించింది నేను. దారం చేతిలో ఉండగానే అన్నానికి పిలిస్తే లేచి వెళ్ళాను. వాడు దారం లేదని చూసి, నాయన చెప్పిన కొలతే నా మందు మీద మళ్ళీ పోశాడు.

“కొలత తెలీనోడు తుపాకి ఏల పట్టుకోవాల” అని పలమనేరు ఆసుపత్రి దగ్గర జనం అన్నారు. పక్కనే ఉండి విన్న నేను, మీకూ అదే రాసిచ్చాను.

వాడికి కొలత తెలుసు సార్. ఆ దారం ఇన్నాళ్ళూ నా చొక్కా జేబులోనే ఉండింది. ఈ కాగితానికి కట్టి పంపుతున్నాను.