సూట్‌కేసు తూకం

2013 జూన్, ఆదివారం

గల్ఫ్ వెళ్లేవాళ్లు ఎయిర్‌పోర్టు దగ్గరని శంషాబాద్‌లో మా ఇంట్లోనే దిగుతారు. పోయిన వారం తమ్ముడు మస్కట్ వెళ్లాడు. సామాను తూచడానికి ఎప్పటిలాగే మా అమ్మాయి సింధును బరువు చూసే మిషన్ ఎక్కించాం. మొదట ఉత్త మనిషి, తర్వాత సూట్‌కేసు పట్టుకుని. తేడా ఎంతో అదే సామాను బరువు. ఉత్త మనిషి బరువును కూడా తమ్ముడు గట్టిగా చదివాడు.

"డెబ్బై రెండు. నిన్ను ఎక్కిస్తే విమానం లేస్తదా పిల్లా?"

ఇల్లంతా నవ్వింది.

ఈ రోజు సింధు ఫేస్‌బుక్‌లో పెట్టింది. "నాకు పదిహేనేండ్లు. నా బరువు డెబ్బై రెండు కిలోలు. మా మామ అందరి ముందర చదివి నవ్విండు. అమ్మమ్మ నవ్వింది, పెద్దమ్మ నవ్వింది, మా డాడీ కూడ నవ్విండు. ఇగ మీ సామాను మీరే తూచుకోండ్రి."

మధ్యాహ్నం తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, గా పోస్టు తీసెయ్యమని చెప్పు. ఈడ రూంల అందరు చూసిన్రు. నా ఇజ్జత్ పోయింది."

చెప్తానన్నాను. మన ఇంటి మాట పదిమందిలో పెట్టడం నాకూ నచ్చలేదు. వెళ్తే సింధు రేపటి బడికి యూనిఫాం పక్క కుట్లు విప్పుకుంటోంది. తల ఎత్తలేదు.

చెప్పే ముందు ఫోన్‌లో ఇంకోసారి చదివాను. నవ్వినవాళ్లందరూ ఉన్నారు. నేను లేను.

ఆ రోజు అందరికంటే ముందు నవ్వింది నేనే. సింధు అప్పుడు నా మొహమే చూస్తోంది.